అపాయమునకు ఎన్ని పేర్లు?



మంథని పట్టణమున మా యింటికి నాలుగిండ్ల అవతల ఒక వృద్ధురాలు గలదు. ఆమెను మేమందరము పెద్దమ్మ యని పిలుతుము. ఆమెకు అక్షరములు రావు గాని లోకజ్ఞానమునకు లోటు లేదు. కొంతకాలము క్రిందట ఒకనాటి సాయంకాలమున ఆమె కొంగుచాటున ఒక కార్డు పట్టుకొని మా గడపలో నిలువబడినది. ముఖము వాడియున్నది.

“బిడ్డా, కోడలిని దవాఖానకు తోల్కపోతే ఈ కారటు మీద ఎర్రబిళ్ల అంటిచ్చి హైరిస్కు అన్నరు. రిస్కంటే ఏంది? పిల్ల దక్కదన్నట్టా?” అని యడిగినది.

వెనుకనే వచ్చిన కొడుకు నవ్వుచు, “గదంత ఉత్తమాట, వదినా! బండి తోలుడు రిస్కే, చెట్టెక్కుడు రిస్కే. అమ్మ ఊకెనే భయపడుతున్నది” అనెను.

ఒక్క పదము ఒకే యింటిలో తల్లికి మరణవార్తగను, కొడుకునకు వట్టిమాటగను వినబడినది. ఆ రెండును దాని యర్థములు కావు. తల్లి భయపడి మంత్రము వేయింపవలెనని తలంచుచున్నది. కొడుకు మరల వైద్యశాలకు పోనక్కరలేదని తలంచుచున్నాడు. ఈ రెండింటి నడుమ ఆ చిన్నదాని ప్రాణము ఊగుచున్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అపాయమును దెలుపు ఆంగ్లపదములు మన యిండ్లలోనికి ఎన్ని వచ్చినవి, వాని యర్థములను మనము ఎంతవరకు ఎరుగుదుము అను ఆలోచనయే ఈ వ్యాసమునకు మూలము.

మన మంథని వాసులకు పరభాషాపదములు క్రొత్త కావు. మంత్రకూటమని పేరొందిన ఈ యూరిలో వేదపండితుల యిండ్లలో సంస్కృతము నిత్యము వినబడుచుండెడిది. నిజాము ప్రభుత్వకాలమున కచ్చేరీలలో ఉర్దూ రాజ్యమేలినది. 1957 మొదలు 1977 వరకు శాసనసభలో ఈ నియోజకవర్గమునకు ప్రతినిధిగా నుండి పిమ్మట దేశమునకు ప్రధానమంత్రియైన పి. వి. నరసింహారావుగారి బహుభాషాపాండిత్యము లోకవిదితము. కరెంటు స్తంభముపైని కపాలము బొమ్మ క్రింద తెలుగున “అపాయము” అనియు, ఉర్దూలో “ఖతరా” అనియు, ఆంగ్లమున “డేంజర్” అనియు వ్రాసియున్న రేకును చూడనివారు మనలో నుండరు. ఆ మూడు మాటలకును అచ్చట అర్థమొక్కటే: తాకకుము. కాని అన్ని చోట్లను వ్యవహారము ఇంత సులభముగా నుండదు.

మొదట మన మాటలనే పరిశీలింతము. “అపాయము” నకు ఎదురుమాట “ఉపాయము”. దగ్గరకు పోవుట ఉపాయము. తొలగిపోవుట, నష్టపోవుట అపాయము. “ఆపద” కు ఎదురుమాట “సంపద”. రెండును ఒక్క ధాతువునుండి పుట్టిన అక్కచెల్లెండ్రే. “గండము” అనునది జాతకము చెప్పువారి నోట తరచుగా వినబడును. నీటిగండము, అగ్నిగండము అందురు. “ముప్పు” అనునది మన యింటి మాట. ఇక “ప్రమాదము” సంగతి చిత్రమైనది. సంస్కృతమున ప్రమాదమనగా ఏమరుపాటు, అజాగ్రత్త. విద్య ముగించి యింటికి మరలు శిష్యునకు గురువు చేయు ఉపదేశమున, సత్యము విషయమునను ధర్మము విషయమునను ఏమరియుండకుమని తైత్తిరీయోపనిషత్తు చెప్పుచోట ఈ మాటయే వాడబడినది. తెలుగువారు ఆ మాటను దీసికొని ఏమరుపాటు వలన గలుగు కీడునకే పేరుగా పెట్టుకొన్నారు. కారణము పేరు కార్యమునకు వచ్చినదన్నమాట.

దీనివలన మనకొక చిక్కు గలిగినది. “రోడ్డు ప్రమాదము” అన్నప్పుడు జరిగిపోయిన దుర్ఘటన యని యర్థము. “ఆ మలుపు ప్రమాదము” అన్నప్పుడు జరుగగల కీడు అని యర్థము. ఆంగ్లమున ఈ రెండింటికిని వేరువేరు మాటలు గలవు. జరిగినది యాక్సిడెంటు, జరుగగలది డేంజరు. మన పిల్లలు ఆంగ్లమున వ్రాయునప్పుడు ఈ భేదమును మరచి తడబడుచుందురు.

ఇక ఆంగ్లపదముల కథ వినుడు. “డేంజరు” అను మాట పుట్టుక మన తెలంగాణ స్త్రీలకు సులభముగా అర్థమగును. లాటిను భాషలో యజమానిని దెలుపు మాటనుండి ఫ్రెంచివారి ద్వారా ఇది ఆంగ్లమునకు వచ్చినది. ఆదిలో దీని యర్థము దొరతనము, దొర యొక్క అధికారము. ఒకని డేంజరులో నుండుటయనగా వాని చేతిలో చిక్కియుండుట. వాడు తలచుకొన్నచో హాని చేయగల స్థితిలో నుండుట. గడీ ముందునుండి తలవంచుకొని నడచిన మన అవ్వలకు ఈ యర్థమును నిఘంటువు చూపి చెప్పనక్కరలేదు. క్రమముగా దొర మాట మరుగుపడి, హాని మాత్రము మిగిలినది.

“పెరిల్” అను మాట లాటినున పరీక్షను, ప్రయత్నమును దెలుపు మాటనుండి వచ్చినది. అనుభవమునకు ఆంగ్లమున వాడు “ఎక్స్‌పీరియన్సు”, ప్రయోగమునకు వాడు “ఎక్స్‌పెరిమెంటు” దీనికి చుట్టములే. గొప్ప యాపదలను గంభీరముగా చెప్పునప్పుడు పెరిల్ అందురు, నిత్యసంభాషణలో అరుదు.

“హాజర్డు” అనునది పూర్వము పాచికలాట పేరు. “జెపర్డీ” కూడ ఆటనుండి వచ్చినదే. గెలుపో ఓటమియో తేలక సరిసగముగా నిలిచియున్న ఆటయని ఫ్రెంచిలో దాని మొదటి యర్థము. నేడు చేతికందిన యుద్యోగము, పూర్తి కావచ్చిన చదువు, కుదిరిన సంబంధము వంటివి చెడునట్లు చేయుటను “జెపర్డైజ్” అందురు. న్యాయస్థానములలో “డబుల్ జెపర్డీ” అను మాట గలదు. ఒకే నేరమునకు ఒకనిని రెండుమారులు విచారించి శిక్షింపరాదను నియమము అది. మన రాజ్యాంగములో 20వ అధికరణమున రెండవ ఖండము ఈ రక్షణ నిచ్చుచున్నది.

“రిస్కు” ఆంగ్లమునకు పదునేడవ శతాబ్దమున ఇటలీ, ఫ్రెంచి భాషలనుండి వచ్చినది. దాని మొదటి మూలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు గాని, సముద్రవర్తకులును ఓడలకు భీమా చేయువారును దీనిని విరివిగా వాడిరి. సరకుతో ఓడ బయలుదేరినప్పుడు అది చేరుటకెంత యవకాశము, మునుగుటకెంత యవకాశము అని లెక్క కట్టుట వారి వృత్తి. ఈ లెక్క యను భావమే రిస్కునకు ప్రాణము. డేంజరు భయమునుండి పుట్టిన మాట. రిస్కు లెక్కనుండి ఎదిగిన మాట.

ఈ మాటలను వాడునప్పుడు గలుగు ఒక పొరపాటును చెప్పకుండ నుండలేను. బడిపిల్ల యొకతె ఆంగ్లవ్యాసమున, తాతగారికి జబ్బు చేసినదని చెప్పబోయి, “మా తాత డేంజరస్” అని వ్రాసినది. అనగా మా తాత ఇతరులకు అపాయము గలిగించువాడని యర్థము! పాపము, ఆ ముదుసలి మంచమునుండి లేవలేకున్నాడు. అపాయములో నున్నవాడు “ఇన్ డేంజర్”. అపాయము గలిగించునది “డేంజరస్”. పాము డేంజరస్, కప్ప ఇన్ డేంజర్. రోగి గండము గడచినప్పుడు వైద్యులు చెప్పు శుభవార్త “అవుట్ ఆఫ్ డేంజర్”. ఈ మూడింటిని పిల్లలకు నేర్పినచో సగము తప్పులు తొలగును.

అట్లే క్రియాపదములలోను భేదము గలదు. “ఎండేంజర్” చేయుట తెలిసియు కావచ్చును, తెలియకయు కావచ్చును. పొయ్యిప్రక్కన కిరసనాయిలు సీసా నుంచిన తల్లి తెలియకయే బిడ్డను అపాయమునకు గురిచేయుచున్నది. “రిస్క్” చేయుట యనగా ఎక్కువగా తెలిసి తెగించుట. దీనికి మన తెలుగున చక్కని మాట గలదు: ఒడ్డుట. ప్రాణమొడ్డెను, ఆస్తి నొడ్డెను అందుము.

ఒడ్డుట యనగానే మనకు కౌరవసభ జ్ఞప్తికి వచ్చును. ధర్మరాజు రాజ్యము నొడ్డెను, తమ్ముల నొడ్డెను, తన్నొడ్డుకొనెను, తుదకు ద్రౌపది నొడ్డెను. తానే ఓడినవాడు నన్నెట్లొడ్డగలడని ఆ యిల్లాలు వేసిన ప్రశ్నకు సభలోని పెద్దలు తిన్నని యుత్తరము చెప్పలేకపోయిరి. రిస్కు మాట వచ్చినప్పుడెల్ల మనమును ఆ ప్రశ్నయే వేయవలెను: ఒడ్డువాడెవడు? ఒడ్డబడునది ఎవరిది? భర్త “రిస్కు తీసికొనెదను” అని వీరునివలె పలుకును. కుదువకు పోవునది మాత్రము ఇల్లాలి పుస్తెలతాడు. సెల్‌ఫోనులో డబ్బు పందెములాడి కొంపలు ముంచుకొన్నవారి సంగతులు పెరిగినందుననే 2017లో తెలంగాణ ప్రభుత్వము అట్టి పందెపుటాటలను నిషేధించినది. పాచికలాట పేరే హాజర్డు అయినదని పైన చెప్పితిని గదా! ఆ మాట తెలివి లేక పుట్టినది కాదు.

ఇప్పుడు హాజర్డునకును రిస్కునకును గల భేదము ముఖ్యముగా తెలిసికొనవలసినది. కీడు చేయగల వస్తువు హాజర్డు. ఆ కీడు జరుగుటకు గల యవకాశమును, జరిగినచో గలుగు నష్టమును కలిపి కట్టిన లెక్క రిస్కు. పెరటిలోని బావి హాజర్డు. బావికి వరలు లేక, ప్రక్కనే పసిపిల్లలు ఆడుచున్నచో రిస్కు మెండు. నడుమెత్తు గోడ కట్టి, పైన ఇనుపజాలి వేసినచో బావి బావిగానే యున్నది, నీరంతయే యున్నది. రిస్కు మాత్రము తగ్గినది. హాజర్డును మనము తొలగింపలేకపోవచ్చును. రిస్కును తగ్గించుట అనేక పర్యాయములు మన చేతిలోని పని.

మన ప్రాంతమున బొగ్గుగనులలో పనిచేయువారి యిల్లాండ్రకు ఇది నిత్యానుభవము. భూగర్భమున చేరు నీరు, విషవాయువు, పైకప్పు కూలుట గనులలో ఎల్లప్పుడు నుండు హాజర్డులు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. నీరు చేరు స్థలములను ముందుగా కొలిచి, పటములలో గుర్తించి, తోడివేయుట మొదలైన నియమములన్నియు రిస్కును తగ్గించుటకే యేర్పడినవి. ఆ నియమములలో నొకటి సడలినను, ఆ సాయంకాలము ఎవరి యింటి గడపలోనో ఎదురుచూపు మిగిలిపోవును.

గోదావరితల్లి సంగతి చూడుడు. ఆమె ఒడ్డున గౌతమేశ్వరుని సేవించుచు బ్రతుకుచున్నాము; ఆమెయే మన ప్రాణాధారము. వానకాలమున ఆమెయే హాజర్డు. 2022 జూలైలో వరద పొంగి మంథనిలోని పల్లపు ఇండ్లలోనికి నీరు చొరబడినప్పుడు ధాన్యపు బస్తాలను అటకలకెక్కించిన చేతులు మనవే. దిగువన భద్రాచలమున నీటిమట్టము 43 అడుగులైనచో మొదటి హెచ్చరిక, 48 అడుగులైనచో రెండవది, 53 అడుగులైనచో మూడవది ప్రకటింతురు. 1986 ఆగస్టులో అచ్చట నీరు 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. మొదటి హెచ్చరిక విన్నంతనే గుండె బాదుకొననక్కరలేదు. మూడవది విన్న తరువాతను పెట్టెలు సర్దుచు కూర్చుండరాదు. హెచ్చరికలకు మెట్లున్నవి, ఏ మెట్టుపై నేమి చేయవలెనో తెలిసియుండుటయే ముఖ్యము.

వాతావరణశాఖవారు వాడు రంగులును ఇట్టివే. పచ్చరంగునకు హెచ్చరిక యేమియు లేదు. పసుపు “వాచ్”, అనగా వార్తలను కనిపెట్టియుండుడు. నారింజ “అలర్ట్”, అనగా సిద్ధముగా నుండుడు. ఎరుపు “వార్నింగ్”, అనగా ఇక కదలుడు. ఈ నాలుగింటిని ఇంటిలోని పెద్దలకు ఒక్కమారు నేర్పినచో రేడియో, టెలివిజను చెప్పు మాట వారికి ఉరుమువలె గాక సలహావలె వినబడును. “ఎమర్జెన్సీ” యను మాటకు మూలార్థము నీటిలో మునిగియున్నది పైకి తేలుట యని తెలిసినప్పుడు నాకు మన గోదావరియే కన్నుల గట్టినది. లోపల నుండి కనబడక, ఒక్కసారిగా పైకి వచ్చునది ఎమర్జెన్సీ.

ఇక మన పత్తిచేల సంగతి. పురుగుమందుల డబ్బాలపై మూలను నిలబెట్టిన చదరము బొమ్మ యొకటి యుండును; దాని క్రింది సగమున ఒక రంగు పూసియుండును. 1971 నాటి నియమముల ప్రకారము ఎరుపు రంగును, కపాలము బొమ్మయు, “పాయిజన్” అను మాటయు నున్నచో అత్యంత విషపూరితము. పసుపు రంగుతో “పాయిజన్” అని యున్నచో దాని తరువాతిది. నీలిరంగుతో “డేంజర్” అని యున్నచో మూడవది. ఆకుపచ్చ రంగుతో “కాషన్” అని యున్నచో నాలుగవది. గమనించితిరా? డేంజరు అను మాట యిచ్చట మూడవ మెట్టుది! కరెంటు స్తంభముపై ప్రాణాంతకమును దెలిపిన మాటయే మందు డబ్బాపై మధ్యరకమును దెలుపుచున్నది. ఆంగ్లము కొంచెము వచ్చినవారు “పసుపుడబ్బా మీద డేంజరని లేదు, భయము లేదు” అనుకొన్నచో ఎంత యనర్థము! కావున మాటతోపాటు రంగును చూడవలెను. ఆకుపచ్చ యున్నంత మాత్రమున అది త్రాగుమందు కాదు. ఆ డబ్బాను కడిగి ఉప్పు పోసికొనుట, నీళ్లు పట్టుకొనుట ఎన్నటికిని తగదు. పత్తి యేరబోవు కూలి సోదరీమణులకు ఈ సంగతిని చెప్పుట చదువుకొన్న మన యందరి విధి.

మరల పెద్దమ్మ యొద్దకు వత్తము. మరునాటి ఉదయమున నేనే వారింటికి పోతిని. గర్భిణీస్త్రీలకు ప్రతి నెల 9వ తేదీన ఉచితముగా పరీక్షలు జరుపు పద్ధతిని కేంద్రప్రభుత్వము 2016లో ఆరంభించినది. కనిపెట్టి చూడవలసిన వారి కార్డుపై ఎర్రబిళ్ల అంటింతురు. రక్తహీనత, రక్తపుపోటు, మధుమేహము, మునుపటి శస్త్రచికిత్స, కవలలు మొదలైనవి అందుకు కారణములు. పెద్దమ్మ కోడలికి రక్తహీనత. గర్భిణికి హిమోగ్లోబిను 11 ఉండవలసినచోట 7 కంటె తగ్గినచో దానిని తీవ్రమైన రక్తహీనత యందురు. ప్రసవమున కొంచెము రక్తము పోయినను ఆ దేహము తట్టుకొనజాలదు.

నేను పెద్దమ్మతో ఇట్లంటిని: “రిస్కంటే చావు కాదు, పెద్దమ్మా. గోడ లేని బావి వంటిది. పడినట్టు కాదు, పడకుండ గోడ కట్టుమని చెప్పుట. ఎర్రబిళ్ల ఆ గోడకు తొలి రాయి.”

కొడుకువైపు తిరిగి, “మరిదీ, బండి తోలుట రిస్కే యంటివి. మరి శిరస్త్రాణము లేకుండ గోదావరిఖని బాటను రాత్రిపూట తోలుదువా?” అని యడిగితిని. అతడు తల వంచుకొనెను. “రిస్కు అందరికిని గలదన్నది నిజమే. కాని హై యన్న మాటను నీవు వినలేదు. ఇతరులకంటె ఈమెకు ఎక్కువని దాని యర్థము. ఈ యెక్కువను తగ్గించుటకు మందులున్నవి. ప్రసవము ఇంటిలో గాక, రక్తము దొరకు పెద్ద దవాఖానలో జరుగవలెను. బండి ముందుగానే మాటాడియుంచుకొనుము; 108 నంబరు గోడపై వ్రాసి పెట్టుము.”

పెద్దమ్మ కాసేపు ఊరకుండి, “గట్ల చెప్పుమరి బిడ్డా! గండం ఉన్నదనుడు వేరు, గండం కాచుకొమ్మనుడు వేరు” అన్నది. నిఘంటువులను వెదకి నేను రాత్రియంతయు కూర్చుకొన్న దానిని ఆమె ఒక్క మాటలో తేల్చివేసినది.

నాటినుండి ఆ యింట మాత్రలు మరువలేదు. నువ్వులు, బెల్లము, ఆకుకూరలు వంటలో చేరినవి. అన్నముతోపాటు నిమ్మకాయ వచ్చినది. భోజనము కాగానే చాయ త్రాగు అలవాటును మానిపించితిమి, అది ఇనుమును ఒంటబట్టనీయదు గనుక. సూదిమందును వేయించిరి. నెలలు నిండిన పిమ్మట పెద్ద వైద్యశాలలో ఆడపిల్ల పుట్టినది. తల్లియు బిడ్డయు క్షేమము. కొడుకే ఫోనుచేసి, “వదినా, అవుట్ ఆఫ్ డేంజర్ అన్నరు” అని చెప్పెను. ఈ మాటకు అర్థము మాత్రము అతడు నన్నడుగలేదు.

సోదరీమణులారా! పరభాషాపదములు మన యింటికి రాకుండ తలుపు వేయలేము, వేయనక్కరలేదు. కాని వచ్చిన మాటను పేరడిగి, పని యడిగి కూర్చుండబెట్టవలెను. వైద్యుడు గాని, బ్యాంకు గుమాస్తా గాని, మందుల దుకాణమువాడు గాని ఇట్టి మాట వాడినప్పుడు సంకోచింపక మూడు ప్రశ్నలు వేయుడు: కీడు చేయగలది ఏది? అది జరుగుటకు ఎంత యవకాశము? తగ్గించుటకు మేమేమి చేయవలెను? ఈ మూడింటికి తెలుగున ఉత్తరము దొరకువరకు అచ్చటినుండి కదలకుడు. అడిగినందుకు చిన్నతనము లేదు. అడుగక ఊరకుండుటయే మన పూర్వులు చెప్పిన ప్రమాదము.